ఎండలు ముదరకముందే కిడ్నీ పేషెంట్లు పొటాషియం సంగతి చూస్కోండి

మార్చి దాటిందంటే ప్రతి ఇంట్లో ఒకటే సలహా, బోండాం నీళ్లు తాగు, పళ్లరసం తాగు, ఓఆర్ఎస్ కలుపుకో అని. కిడ్నీలు బాగున్నవాళ్లకి ఏం ఫర్లేదు, వాటిలో ఉండే పొటాషియం ఒంట్లో ఎక్కువైతే కిడ్నీలే బయటికి పంపేస్తాయి. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే రక్త పరీక్ష) పెరిగి బీపీ మాత్రలు కూడా వాడుతున్నవాళ్లకి మాత్రం ఇదే సలహాతో పొటాషియం పేరుకుని ప్రాణం మీదకి రావచ్చు, పైగా చెప్పేది ప్రేమగా చూసుకునే ఇంట్లోవాళ్లే కాబట్టి ఎవరూ అనుమానించరు.

ఎండాకాలంలోనే ఎందుకంటే, కాస్త కిడ్నీ లోపలికి వెళ్లాలి. రక్తం వడగట్టినప్పుడు దిగిన పొటాషియంలో చాలా భాగాన్ని కిడ్నీ గొట్టాలు మొదట్లోనే వెనక్కి లాగేసుకుంటాయి, మూత్రంలో చివరికి పోయేది ఎక్కువగా గొట్టం చివరి భాగంలో కొత్తగా బయటికి వదిలిందే. ఆ వదిలే పని రెండు రకాల ఛానెళ్లది, అంటే కణాల గోడలో పొటాషియం బయటికి పోయే సన్నటి దారులది. ఒకటి రోమ్‌కె, ఇది రోజువారీ డ్యూటీ చేస్తది. రెండోది బీకే, గొట్టంలో ద్రవం జోరుగా పారినప్పుడే బాగా తెరుచుకుంటది. చెరువు తూము లాగే అనుకోండి, తూము ఎంత పెద్దదైనా చెరువులో నీళ్లు లేకపోతే కిందకి పారేదేముంది. దీనికి తోడు అక్కడికి సోడియం కూడా చేరాలి, సోడియం కణంలోకి వెళ్తుంటేనే పొటాషియం బయటికి వచ్చే ఊపు వస్తది. ఈ మొత్తం వ్యవహారాన్ని పెంచే హార్మోన్ ఆల్డోస్టెరాన్.

ఇప్పుడు రోహిణి కార్తెలో చెమట కారి ఒంట్లో నీళ్లు తగ్గాయనుకోండి. గొట్టం చివరికి ద్రవమూ సోడియమూ రెండూ తక్కువే చేరతాయి, అయినా మామూలు మనిషిలో ఆల్డోస్టెరాన్ పెరిగి ఆ లోటు సర్దేస్తది. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు ఆ ఆల్డోస్టెరాన్‌నే తగ్గిస్తాయి, స్పైరోనోలాక్టోన్ అయితే దాని పనికే అడ్డం పడుతుంది, అంటే ఎండ ఒక కాలు విరిస్తే మాత్ర రెండో కాలు పట్టుకుంటది. అలాగని మాత్రలు చెడ్డవి కావు, కిడ్నీని కాపాడేవి కూడా వాటిలో ఉన్నాయి, సొంతంగా మానేయొద్దు ప్లీజ్.

అందుకే ఎండలు ముదరకముందే ఒకసారి క్రియాటినిన్, పొటాషియం చేయించుకోండి. పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 mEq/L మధ్య ఉండాలి, 5.5 దాటితే డాక్టర్‌కి అదే రోజు ఫోన్ చేయండి, 6 దాటితే ఆలోచించకుండా హాస్పిటల్‌కే. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలితే కూడా రిపోర్ట్‌లో ఎక్కువ చూపిస్తది, కాబట్టి డాక్టర్ మళ్లీ టెస్ట్ చేయమంటే విసుక్కోవద్దు. అప్పుడే ఇంకో ప్రశ్న అడిగి రాయించుకోండి: వాంతులో విరోచనాలో పట్టుకుంటే ఏ మాత్ర ఆపాలి, ఎన్నాళ్లు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి. ఇది చాలామంది అడగరు, నా లెక్కలో అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఇదే.

బోండాం సంగతి. 100 మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్లలో సుమారు 250 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటది, అంటే పెద్ద బోండాం ఒక్కటి తాగితే 600 దాటొచ్చు. ఉద్దానంలో ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లే, కిడ్నీ జబ్బూ అక్కడే ఎక్కువ, అక్కడివాళ్లకి బోండాం వద్దని చెప్పడం ఎంత కష్టమో అర్థమవుద్ది, కానీ పొటాషియం ఎక్కువున్నోళ్లకి చెప్పక తప్పదు. దాహానికి మంచినీళ్లే బెస్ట్, అది కూడా డాక్టర్ చెప్పిన కొలతలోనే. షాపుల్లో లో సోడియం ఉప్పు అని అమ్ముతారు చూడండి, అందులో సోడియం తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు, బీపీకి మంచిదని కొని కిడ్నీ పేషెంట్ కూరలో వేసేవాళ్లున్నారు, అది అసలు వద్దు. ఆకుకూరలు, దుంపలు ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం కొంత తగ్గుతది.

ఓఆర్ఎస్ లీటరులో 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉంటది, విరోచనాల్లో పొటాషియం పోతది కాబట్టి అప్పుడు అది మందే, కూల్‌డ్రింక్‌లా రోజూ తాగడానికి మాత్రం కాదు. ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు, అవి కిడ్నీకి రక్తాన్నీ తగ్గిస్తాయి, ఆల్డోస్టెరాన్‌నీ తగ్గిస్తాయి. మలబద్ధకం కూడా పట్టించుకోండి, కిడ్నీ దెబ్బతిన్నాక పేగు ద్వారా పోయే పొటాషియం వాటా పెరుగుద్ది. డయాలసిస్‌లో ఉన్నవాళ్లు పెళ్లిళ్ల సీజన్ అని సిట్టింగ్ వాయిదా వేయొద్దు, రెండు సిట్టింగుల మధ్య గ్యాప్ పెరిగినకొద్దీ రిస్క్ పెరుగుద్ది.

అందరిదీ ఒకటే కథ కూడా కాదు. ఫ్యూరోసెమైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటి నీరు తీసే మాత్రలు గొట్టం చివరికి సోడియంని ఎక్కువ పంపుతాయి కాబట్టి కొందరికి పొటాషియం తగ్గిపోతది, మెగ్నీషియం కూడా తక్కువుంటే రోమ్‌కెకి ఉండే అడ్డు తొలగి ఇంకా కారిపోద్ది. వాళ్లకి పొటాషియం తినొద్దు అనడం తప్పు. అందుకే పక్కింటాయన డైట్ చార్ట్ కాపీ కొట్టొద్దు, మీ రిపోర్ట్ చూసి మీ డాక్టర్ చెప్పిందే మీది.

పొటాషియం పెరిగితే చాలాసార్లు ఏమీ తెలీదు. కాళ్లు బరువుగా, నీరసంగా ఉండటం, గుండె దడ, కొట్టుకోవడం తేడాగా అనిపించడం, ఇవి కనిపిస్తే వడదెబ్బేలే అని మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టొద్దు, వెంటనే ఈసీజీ తీసే చోటికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ కవర్‌లో వేసుకెళ్లి, కిడ్నీ ప్రాబ్లం ఉంది, పొటాషియం చూడండి అని క్యాజువాలిటీలో ముందే చెప్పండి.