ఎర్ర కారు గులాబీ రంగుకు తిరిగిందా? పాలిష్ పట్టే ముందు ఇవి చూడండి

కారు రంగు వెలిసిందనగానే చాలామంది పాలిష్ డబ్బా కొనుక్కొచ్చేస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. పాలిష్ రంగు వేసేది కాదు, ఉన్న పెయింట్‌ను సన్నగా అరగదీసేది. పైపొర మాత్రమే మసకబారితే అరగదీయడం వల్ల లాభం ఉంటుంది. పొరే చచ్చిపోయి ఉంటే అరగదీసే కొద్దీ నష్టం.

స్పోర్ట్స్ కారుకు ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. బానెట్, రూఫ్, వెనక స్పాయిలర్ అన్నీ బల్లపరుపుగా ఆకాశం వైపు తెరుచుకుని ఉంటాయి, ఎండంతా వాటి మీదే. పైగా ఒకే కారులో అల్యూమినియం, ప్లాస్టిక్, ఫైబర్‌గ్లాస్, కార్బన్ ఫైబర్ అన్నీ ఉండొచ్చు. అమెరికా స్పోర్ట్స్ కారు కార్వెట్‌కైతే 1953లో మొదటి మోడల్ నుంచే ఫైబర్‌గ్లాస్ బాడీ. ఒక ప్యానెల్ మీద పనిచేసిన పద్ధతి పక్క ప్యానెల్‌ను పాడుచేయొచ్చు.

ముందు రెండు పరీక్షలు

కారు శుభ్రంగా కడిగి, వెలిసిన చోట నీళ్లు చల్లండి. తడిగా ఉన్నంతసేపూ అసలు రంగు నిండుగా కనిపిస్తే సంతోషించండి. పైపొర మీది సన్నగీతల్లోకి నీళ్లు చేరి, వెలుతురు చెదిరిపోకుండా ఆపుతున్నాయన్నమాట. అంటే కింద రంగు బాగానే ఉంది. తడిపినా పాలిపోయే ఉంటే రంగుపొర దాకా దెబ్బ తగిలినట్టే.

రెండోది గుడ్డ పరీక్ష. తెల్ల గుడ్డకు కొంచెం పాలిష్ రాసి, కనపడని మూల రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే అది పాతకాలపు ఒకే పొర పెయింట్. అంటకపోతే రంగు మీద క్లియర్ కోట్, అంటే రంగులేని పారదర్శక పొర, ఉందని అర్థం. ఇప్పటి కార్లు దాదాపు అన్నీ ఈ రెండో రకమే.

లక్షణం: కారంతా మసక, ఎండలో సాలెగూడు గీతలు, తడిపితే నిగనిగ

కారణం క్లియర్ కోట్ మీది సన్నగీతలు, కొంత ఆక్సిడేషన్ (ఎండకు, గాలికి పైపొర పాడవడం). మురికి గుడ్డతో తుడవడం, బ్రష్‌లు తిరిగే ఆటోమేటిక్ వాష్ దీనికి మూలం. ఇది నయమయ్యే జబ్బే.

నీడలో, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు పని మొదలుపెట్టండి. కడిగాక, సబ్బునీళ్లు చల్లుతూ, మెత్తటి మట్టిముద్దలాంటి క్లే బార్‌తో మెల్లగా రుద్దితే అతుక్కున్న మురికి వచ్చేస్తుంది. అరచేయి వేసి చూస్తే గాజులా నున్నగా తగలాలి. అప్పుడు రెండడుగుల చదరం మేర టేప్ అంటించి, అందులోనే ప్రయోగం చేయండి. అన్నిటికంటే మెత్తటి పాలిష్, మెత్తటి ప్యాడ్‌తో మొదలుపెట్టాలి. దానికి లొంగకపోతేనే, పాలిష్ కంటే గరుకైన కాంపౌండ్ దాకా వెళ్లాలి. నేరుగా కాంపౌండ్ పట్టుకునేవాళ్లే ఎక్కువ, తొందరగా మెరుస్తుంది కదా అని!

పాలిష్ మెషిన్ వాడటం మీకు కొత్తైతే, ప్యాడ్ తిరుగుతూనే అటూఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ రకమే వాడండి. ఊగకుండా గిరగిరా తిరిగే రోటరీ ఒకేచోట వేడి పుట్టించి పెయింట్‌ను కాల్చేస్తుంది. నేను నేర్చుకునే రోజుల్లో రోటరీతో బానెట్ అంచు దగ్గర క్లియర్ కోట్ మొత్తం లేపేశాను. తప్పు తెలిసేసరికి అరనిమిషం కూడా పట్టలేదు, సరిచేయడానికి మాత్రం ప్యానెల్ అంతా మళ్లీ పెయింట్ వేయాల్సి వచ్చింది. ప్యానెల్ అంచుల్లో, బాడీ మడతల్లో పెయింట్ పలచగా ఉంటుంది. అక్కడ టేప్ వేయడం మరవొద్దు.

ఎంత అరగదీయొచ్చు? ఫ్యాక్టరీ పెయింట్ అన్ని పొరలూ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అందులో క్లియర్ కోట్ సుమారు 40 నుంచి 50. ఎండను ఆపే రసాయనాలు ఆ పొరలోనే ఉంటాయి కాబట్టి అది పలచబడితే కింద రంగుకు గొడుగు పోయినట్టే. మందం కొలిచే గేజ్ దొరికితే ముందే కొలవండి. మామూలు గేజ్‌లు లోహం మీదే పనిచేస్తాయి. కార్బన్ ఫైబర్, ప్లాస్టిక్ మీద అల్ట్రాసోనిక్ రకం కావాలి. ఎక్కడైనా 200 దాటితే పాత యజమాని మళ్లీ పెయింట్ వేయించాడేమోనని అనుమానించండి.

లక్షణం: వేలు పెడితే సుద్దలా పొడి, ఎరుపు గులాబీగా మారడం

పాత కార్లలో ఒకే పొర పెయింట్‌కు వచ్చే ఆక్సిడేషన్ ఇది. పైన క్లియర్ కోట్ లేక ఎండ నేరుగా రంగునే తింటుంది. ఎరుపుకు ఇది మరీ ఎక్కువ.

నూనె ఎక్కువగా ఉండే గ్లేజ్ అనే మెరుపు క్రీమ్ దట్టంగా పట్టించి రాత్రంతా వదిలేయండి. ఎండిపోయిన పెయింట్ కాస్త మెత్తబడుతుంది. మర్నాడు తుడిచి, తేలికపాటి పాలిష్ పట్టండి. ప్యాడ్ అంతా ఎర్రగా మారితే కంగారుపడకండి, వచ్చేది చచ్చిన రంగే. కాకపోతే రంగు కింద వేసే ప్రైమర్ పూత ఎక్కడైనా తొంగిచూస్తే వెంటనే ఆపేయాలి. చివర్లో వ్యాక్స్ తప్పనిసరి, లేకపోతే కొన్నాళ్లకే మళ్లీ గులాబీ.

లక్షణం: తెల్లమచ్చలు, అంచుల్లో పెచ్చులు

క్లియర్ కోట్ చచ్చిపోయింది. దీనికి పాలిష్, వ్యాక్స్, సెరామిక్ కోటింగ్ ఏదీ పనిచేయదు. వాటికి డబ్బు పెట్టకండి. తడిపితే మచ్చ మాయమైనట్టు కనిపించినా, ఆరగానే తిరిగొస్తుంది. ఊడుతున్న పొర మొత్తం శాండింగ్ చేసి, అంటే గరుకుకాగితంతో రుద్ది, తీసేసి, రంగు, క్లియర్ రెండూ వేయించాలి. పెచ్చు మీదే కొత్త క్లియర్ కొట్టిస్తే పాత పొరతోపాటు కొత్తదీ లేస్తుంది. తలుపు సందులోని స్టిక్కర్ మీద కలర్ కోడ్ సాధారణంగా దొరుకుతుంది. అయినా ఎండకు మారిన పక్క ప్యానెల్‌తో అది అచ్చం కలవదు. పక్క ప్యానెల్‌లోకి రంగును మెల్లగా కలిపేసే బ్లెండింగ్ చేస్తారా అని ముందే అడగండి. పెర్ల్ రంగుల్లో, మూడు పొరల ఎరుపుల్లో బ్లెండింగ్ లేకుండా ఒప్పుకోవద్దు.

లక్షణం: బంపర్ ఒక రంగు, ఫెండర్ ఇంకో రంగు

అన్నివేళలా ఇది వెలిసిపోవడం కాదు. ప్లాస్టిక్ బంపర్‌కు వేరేచోట వేరేగా రంగు వేస్తారు, కొత్త కారులోనే తేడా ఉండొచ్చు. మెటాలిక్ రంగులో ఉండే సన్నటి లోహపు రేకులు పరుచుకునే తీరును బట్టి కూడా తేడా కనిపిస్తుంది. నీడలోనూ ఎండలోనూ వేర్వేరు కోణాల్లో చూడండి. కోణం మారితే తేడా తగ్గుతోందంటే పాలిష్‌తో పని లేదు.

లక్షణం: కార్బన్ ఫైబర్ పసుపుబారడం

అల్లిక మీది రెజిన్ అనే గట్టిపడిన జిగురు‌కు ఎండ తగిలి పసుపు తిరుగుతుంది. పసుపు క్లియర్‌లోనే ఉంటే దాన్ని శాండింగ్‌తో తీసి, యూవీని ఆపే కొత్త క్లియర్ వేయించవచ్చు. అది రెజిన్ దాకా దిగి ఉంటే ఆశ తక్కువ. ఇంట్లో కాంపౌండ్ పట్టి అల్లిక పోగులు తెగేదాకా అరగదీస్తే భాగమే మార్చాలి.

రక్షణ ఫిల్మ్ వేసిన కార్లలో ఫిల్మే పసుపుబారి, పెయింట్ వెలిసినట్టు మోసం చేస్తుంది. ఒక మూల వేడిచేసి కొంచెం లేపి చూస్తే తేలిపోతుంది. మెరుపు లేని మ్యాట్ పెయింట్ అయితే పాలిష్, వ్యాక్స్ రెండూ తాకించకూడదు. మెరుపు మచ్చ పడితే మళ్లీ పెయింటే దిక్కు.

పని అయ్యాక రక్షణ పూతగా సీలెంట్ అయినా సెరామిక్ అయినా మీ ఇష్టం. నీడలో పార్కింగ్‌కు సాటి వచ్చేది మాత్రం వాటిలో ఏదీ లేదు. నీడ దొరక్క కవర్ వేస్తుంటే దుమ్ము మీద వేయకండి. గాలికి కవర్ ఊగినప్పుడల్లా కింది దుమ్ము గరుకుకాగితంలా పనిచేసి, మీరు చెరిపిన గీతలన్నీ మళ్లీ గీస్తుంది.