లా స్కూల్ స్కాలర్‌షిప్ లెటర్లో ముందు షరతు చూడండి
అమెరికాలో జేడీ (మూడేళ్ల లా డిగ్రీ) ఆఫర్ వస్తే స్కాలర్‌షిప్ అంకె చూసి మురిసిపోకుండా లెటర్ చివరిదాకా చదవండి. "3.0 జీపీఏ ఉంటేనే రెన్యూవల్" లాంటి షరతు ఉందా? డిగ్రీలో అది పెద్ద లెక్క కాకపోవచ్చు. కానీ లా స్కూల్ మొదటి ఏడాది చాలాచోట్ల గ్రేడ్లు కర్వ్ మీద, అంటే క్లాసులో మిగతావాళ్లతో పోల్చి వేస్తారు, అందరూ కష్టపడి చదివినా కొందరు ఆ గీత కిందే మిగులుతారు. స్కూల్ వెబ్‌సైట్లో "509 డిస్‌క్లోజర్స్" వెతకండి. షరతు మీద ఇచ్చిన స్కాలర్‌షిప్ తర్వాత ఎంతమందికి తగ్గించారో, తీసేశారో ఏబీఏ (అమెరికన్ బార్ అసోసియేషన్) రూల్ ప్రకారం వాళ్లు చెప్పి తీరాలి. ఆ సంఖ్య ఎక్కువుంటే, మిగతా రెండేళ్లూ పూర్తి ఫీజు కట్టాల్సొస్తుందనే లెక్కేసుకోండి. నన్నడిగితే, కాస్త తక్కువిచ్చినా "గుడ్ స్టాండింగ్ ఉంటే చాలు" (అంటే చదువు కొనసాగించడానికి కావాల్సిన కనీస గ్రేడ్లుంటే చాలు) అనే స్కూలే నయం. వేరే స్కూల్ ఆఫర్ చూపించి పెంచమని అడగడానికి మొహమాటం వద్దు, కాకపోతే సీట్ డిపాజిట్ కట్టకముందే అడగాలి.