"ఏం లేదు, బానే ఉన్నా" అనే మగవాళ్ళ చేత బాధ చెప్పించడం ఎలా

నాన్న కావొచ్చు, అన్నయ్య కావొచ్చు, మీ ఆయన కావొచ్చు, ఏదో నలిగిపోతున్నాడని తెలుస్తూనే ఉంటుంది, అడిగితే మాత్రం "ఏం లేదు, బానే ఉన్నా" అనేసి ఫోన్ తీసుకుంటాడు. ఇలాంటి మనిషితో ఎలా మాట్లాడాలో నాకు తెలిసినంతలో రాస్తున్నా.

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి, ఆయనకి బాధ లేక కాదు, అది బయటపెట్టే అలవాటు చిన్నప్పుడే మనం మాన్పించేశాం. "నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగాడిని నమ్మకూడదు" అని సామెత కూడా ఉంది మనకి, నాలుగేళ్ళ పిల్లాడు పడి ఏడిస్తే "ఆడపిల్లలా ఏంట్రా ఆ ఏడుపు" అంటాం. ఇది మన దగ్గరే కాదు. 1976లో అమెరికాలో కాండ్రీ అనే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు ఒకే బిడ్డ వీడియో వేరువేరు స్టూడెంట్లకి చూపించారు, పెట్టెలోంచి బొమ్మ ఠక్కున పైకి లేస్తే బిడ్డ కంగారుపడి ఏడుస్తుంది, మగబిడ్డ అని చెప్తే చూసినవాళ్ళకి అది కోపంలా కనిపించింది, ఆడబిడ్డ అని చెప్తే భయంలా కనిపించింది. ఏడుపు ఒక్కటే కదా!

ఆడవాళ్ళ విషయంలో ఇదే తిరగబడుతుంది. మగాడు అరిస్తే "కోపిష్టే గానీ మనసు మంచిది" అంటారు, అంతే గట్టిగా కోడలు అరిస్తే గయ్యాళి అయిపోతుంది, చావింట్లో ఆమె ఏడవకపోతే "కంట్లోంచి చుక్క రాలలేదు" అని నెలల తరబడి చెప్పుకుంటారు. అందుకే ఆమె కోపం చాలాసార్లు కన్నీళ్ళై వస్తుంది, ఆయన దుఃఖం చాలాసార్లు కోపమై వస్తుంది. చిన్నదానికి పిల్లల మీద విరుచుకుపడటం, ఛాతీ బరువుగా ఉంది గ్యాసేమో అనడం, రాత్రి రెండింటికి లేచి కూర్చోవడం, మందు పెరగడం, ఇలాంటివి గమనించండి, ఆయన నోటితో చెప్పనిది ఎక్కువగా వీటిలోనే ఉంటుంది (ఛాతీ నొప్పి అంటే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించండి, మనసు సంగతి తర్వాత).

మన మగవాళ్ళకి ఏడవడం రాదనుకోకండి. అప్పగింతలప్పుడు కూతురి చెయ్యి అల్లుడి చేతిలో పెడుతూ తండ్రి వెక్కివెక్కి ఏడిస్తే ఎవరూ నవ్వరు, హైదరాబాద్ పాతబస్తీలో మొహర్రం పదో రోజు బీబీ కా ఆలం ఊరేగింపు వెళ్తుంటే పెద్దపెద్ద మగవాళ్ళే నడిరోడ్డు మీద ఏడుస్తారు. నలుగురూ ఒప్పుకున్న చోట వాళ్ళకి కన్నీళ్ళొస్తాయి, కాబట్టి మన పని అలాంటి చోటొకటి ఇంట్లో కల్పించడమే.

ఎదురుగా కూర్చోబెట్టి "నీతో మాట్లాడాలి" అనొద్దు, అలా అంటే ఏదో తప్పు చేసినట్టు బిగుసుకుపోతారు. పక్కపక్కన ఉండే పని చూడండి, బండి మీద వెళ్తూనో, పొలం గట్టు మీద నడుస్తూనో, టీ కొట్టు దగ్గర నిలబడో, కళ్ళలోకి చూడక్కర్లేదు కాబట్టి మాట తేలిగ్గా వస్తుంది. "ఎలా ఫీలవుతున్నావ్" అని కాకుండా జరిగినదాని గురించి అడగండి, "అమ్మ పోయాక సాయంత్రాలు ఏం చేస్తున్నావ్ నాన్నా", "ఆ అప్పు వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారా", "రాత్రి నిద్ర పట్టిందా" ఇలా. అడిగాక ఆగండి, రెండు నిమిషాలు ఆయన ఏమీ అనకపోయినా ఆ మౌనాన్ని మీరు మాటలతో నింపేయకండి.

కన్నీళ్ళొస్తే "ఊరుకో, ధైర్యంగా ఉండు, నువ్వే ఇలా అయితే ఎలా" అనే మాటలు వద్దు, అవి విన్న క్షణంలోనే ఆగిపోతారు. మంచినీళ్ళు ఇచ్చి పక్కన కూర్చోండి చాలు. ఆ విషయం పిన్నికో బావగారికో చెప్పారంటే ఇక జన్మలో మీ దగ్గర నోరు విప్పరు.

"నేను లేకపోతే మీకే హాయి" లాంటి మాట వస్తే మాత్రం దాటేయకండి, "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగానే అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. 2022లో మన దేశంలో ఆత్మహత్యతో పోయినవాళ్ళు 1,70,924 మంది అని ఎన్సీఆర్బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) లెక్క, అందులో నూటికి దాదాపు 72 మంది మగవాళ్ళే. ఆయన అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే అందకుండా తీసేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

అంతదాకా రాని మామూలు బాధే అయితే, మనసు విప్పిన మర్నాడు ఆయన కాస్త ముభావంగా ఉండొచ్చు, నిన్నటిది గుర్తుచేయకండి, మామూలుగా కూర ఏం చేయమంటావ్ అని అడగండి, ఓ నాలుగైదు రోజులాగి మళ్ళీ టీకి పిలవండి.