నమ్మకమైన గృహనిర్వాహకులం – 3వ పాఠం: పంట డబ్బుకి వంతులు

పోయిన పాఠంలో ఎవరికెంత బాకీ ఉన్నామో ఒక కాగితం మీద రాయమన్నాను. దాన్ని పక్కన పెట్టుకుని ఇది చదవండి.

దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లు చాలనప్పుడు మన కాలవలకి వంతులు పెడతారు. కాలవ నీళ్లు చూసే లస్కరు తూము ఎత్తుతాడు, దించుతాడు. ఆ నీళ్లు అతనివి కావు. ఎగువ చేలకే వదిలేస్తే శివారు చేలు నెర్రెలిస్తాయి, అప్పుడు జవాబు చెప్పాల్సింది అతనే. గృహనిర్వాహకుడు, అంటే యజమాని సొత్తు చూసుకునేవాడు, అనే మాట బైబిల్లో చదివినప్పుడల్లా నాకు లస్కరే గుర్తొస్తాడు.

నెల జీతగాళ్ల లెక్క మనకి కుదరదు. మన డబ్బు సార్వాకి, అంటే తొలి పంటకి, ఒకసారి, దాళ్వాకి ఒకసారి వస్తుంది. వచ్చాక రాద్దామంటే సగం అప్పటికే వెళ్లిపోతుంది. ధాన్యం కాటా వేయకముందే రాయాలి.

సార్వా మీద 1,00,000 వస్తుందనుకుందాం. ముందు కూలీలకి 16,000 రాయండి. తర్వాత కోత మిషన్‌కి 6,000, ఎరువుల కొట్టుకి 14,000, మక్తాకి, అంటే పొలం కౌలుకి, 28,000. మిగిలేది 36,000.

కూలీలని ముందు ఎందుకు రాయమన్నానంటే, ఒక ఏడాది నేను కోతల పండుగకి పెద్ద కానుక వేశాను. నాట్లు వేసిన ఆడవాళ్ల కూలి మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. ఆ సాయంత్రం వాళ్లలో ఒకావిడ గుమ్మం దగ్గర నిలబడి, "అయ్యా, పిల్లకి జ్వరం" అంది. కూలివాడి కూలి తెల్లారేదాకా ఉంచుకోవద్దని లేవీయకాండం 19:13 చెబుతుంది. ఆ వచనం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా ఆవిడ కళ్లలోకి చూడలేకపోయాను.

దశమభాగం మొత్తం లక్ష మీద ఇవ్వాలనే పెద్దలున్నారు. నేను మిగిలిన 36,000 మీద ఇస్తాను, అంటే 3,600. పక్కవాడికి చెందాల్సిన డబ్బు నా కానుక కాదు. 1 కొరింథీయులకు 16:2లో పౌలు కూడా వర్ధిల్లిన కొలది దాచమన్నాడు. భూమి లేని ఇళ్లలో అన్నం వండేటప్పుడు పిడికెడు బియ్యం తీసి పెట్టే అమ్మలు ఈ లెక్క ఎప్పుడో నేర్చుకున్నారు.

ఇక 32,400. దాళ్వా విత్తనాలకి, పొలం బురద దున్నే దమ్ముకి 8,400 తీయండి. మిగతా 24,000 దాళ్వా డబ్బు వచ్చేదాకా ఐదు కవర్లలో పెట్టండి, నెలకి 4,800. దాళ్వా డబ్బయితే మళ్లీ సార్వా దాకా ఏడు కవర్లు కావాలి. 4,800 చాలదు, నాకూ తెలుసు. చాలదని డిసెంబర్‌లోనే తెలిస్తే పాడి మీదో, కూలి పని మీదో పూడ్చుకోవచ్చు. మార్చిలో తెలిస్తే వడ్డీకి తేవాలి, ఆ టెన్షన్ మనందరికీ అనుభవమే. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పింది (లూకా 14:28) మనకీ వర్తిస్తుంది.

ఈ వారం పని: మీ పంటకి ఇదే లెక్క వేయండి. ఒక్కరే వేయొద్దు, ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టుకుని వేయండి. కూలి బాకీ ఏమైనా తేలితే వచ్చే ఆదివారం లోపు తీర్చేయండి.

వచ్చే పాఠం సమయం గురించి. వేసవిలో కాలవలు కట్టేశాక చేతిలో ఉండే రోజులతో మొదలుపెడదాం.