ఈఎంఐ చాటున ఫ్లాటు ధర: దసరా ఆఫర్లకు ముందు జాగ్రత్తలు

దసరా దగ్గరపడితే హైదరాబాద్ శివార్లలోని కోకాపేట, తెల్లాపూర్ దారుల్లో హోర్డింగులు మారిపోతాయి. చదరపు అడుగు ధర చిన్న అక్షరాల్లోకి జారుకుంటుంది. "తాళాలిచ్చే దాకా ఈఎంఐ లేదు" అన్న మాట పెద్దదవుతుంది. అంటే అప్పటిదాకా మన అప్పు మీద వడ్డీ బిల్డరే కడతానంటాడు.

నిరుడు మా బావగారితో అలాంటి ఒక సేల్స్ ఆఫీసుకు వెళ్లాను. అంతా విని ఆయన ఒకటే అడిగారు: "ఈ పథకం నాకొద్దు, ఈఎంఐ మొదటి నుంచీ నేనే కట్టుకుంటాను. అప్పుడు ధరెంత?" ఆ అబ్బాయి లోపలికి వెళ్లొచ్చి, ధరల కాగితం మీద అడుగుకు నాలుగు వందలు తగ్గించి పెన్సిలుతో రాశాడు. 1,600 అడుగులకు 6.4 లక్షలు! బిల్డరు కడతానన్న వడ్డీ మన ధరలోనే ఉందన్నమాట. పక్క ప్రాజెక్టువాళ్లు "ఇక్కడి రేటు ఇదీ" అని చూపించేది మాత్రం ఆ పెన్సిలు అంకెను కాదు, అచ్చులో ఉన్నదాన్నే. కాబట్టి ఎక్కడికి వెళ్లినా రెండు ధరలూ అడగండి. అప్పు మీ పేరునే ఉంటుంది. బిల్డరు వడ్డీ ఆపేస్తే బ్యాంకు ఫోను మీకే వస్తుంది. అప్పంతా ముందే బిల్డరు చేతికి ఇవ్వకుండా, నిర్మాణ దశలను బట్టే విడుదల చేయాలని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది.

టోకెన్ ఇచ్చే ముందే బ్యాంకు నుంచి కీలక వివరాల పత్రం తీసుకోండి. 2024 అక్టోబరు 1 నుంచి అది ఇచ్చి తీరాలి. అందులో ఏపీఆర్ అనే అంకె చూడండి. ప్రాసెసింగ్ ఫీజు, బీమా వంటివి కలిపాక అప్పు ఎంతకు పడుతుందో అది చెబుతుంది.

గడువు పెంచి ఈఎంఐ తగ్గిస్తామంటే లెక్క వేయండి. 8.5 శాతం వడ్డీకి 60 లక్షలు తీసుకుంటే ఇరవై ఏళ్లకు నెలకు సుమారు 52,000, ముప్పై ఏళ్లకు 46,000. తగ్గింది ఆరు వేలు. మొత్తం చెల్లింపు మాత్రం 1.25 కోట్ల నుంచి 1.66 కోట్లకు చేరుతుంది.

బ్యాంకుకు ఎక్కువ ధర, రిజిస్ట్రేషన్‌కు తక్కువ ధర చూపిద్దామనే సలహా ఎవరిచ్చినా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. రెరా (స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ) నంబరు రాకముందే అమ్మే ప్రీ లాంచ్ జోలికి వెళ్లొద్దు. నంబరున్నా, ఒప్పందం రిజిస్టరు కాకుండా పది శాతానికి మించి కట్టొద్దు. చెరువు పక్కన స్థలమైతే ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే మేర, మీరే చూసుకోండి. అప్పు మంజూరైనంత మాత్రాన కూల్చివేత భయం పోదు.

బావగారు ఆ ఫ్లాటు కొనలేదు. పెన్సిలు అంకె ఉన్న కాగితం మాత్రం అడిగి తెచ్చుకున్నారు. తర్వాత వెళ్లిన రెండు చోట్లా ముందుగా దాన్నే బల్ల మీద పెట్టారు.