రెండు పంటల భూమికి సేకరణ నోటిఫికేషన్ వస్తే అభ్యంతరం ఎలా రాయాలి

పేపర్లో మీ సర్వే నంబరు కనిపించగానే పరిహారం లెక్కలు మొదలుపెట్టకండి. నోటిఫికేషన్ ఏ చట్టం కింద వచ్చిందో ముందు చూడండి. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 11 అయితే అభ్యంతరానికి 60 రోజుల గడువుంది. జాతీయ రహదారుల చట్టం సెక్షన్ 3ఏ అయితే 21 రోజులే. ఊళ్లో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. సెక్షన్ 11 ప్రకటన గెజిట్‌లో, రెండు దినపత్రికల్లో, పంచాయతీలో, తహసీల్దార్ ఆఫీసులో వేర్వేరు తేదీల్లో పడొచ్చు. అన్నిటికన్నా ముందు తేదీ నుంచి లెక్కేసుకుంటే పేచీ ఉండదు.

మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం సెక్షన్ 10. సాగునీరుండి ఏడాదికి ఒకటికి మించి పంటలు తీసే భూమిని వేరే దారి లేనప్పుడే తీసుకోవాలి, అదీ రాష్ట్రం పెట్టుకున్న పరిమితికి లోబడి. తీసుకుంటే అంత విస్తీర్ణం బంజరును సాగులోకి తేవాలి, లేదా ఆ భూమి విలువకు సమానమైన సొమ్ము వ్యవసాయాభివృద్ధికి జమ చేయాలి. రైల్వే లైన్లు, రోడ్లు, కాల్వలు, కరెంటు లైన్లకు ఇది వర్తించదు. ఇంకో చిక్కూ ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఈ చట్టానికి సవరణలు చేసి సెక్షన్ 10ఏ తెచ్చుకున్నాయి. కొన్ని రకాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా (ప్రాజెక్టు వల్ల ఊరి జనం మీద పడే ప్రభావంపై చేసే అధ్యయనం) నుంచీ, సెక్షన్ 10 నుంచీ దాని కింద మినహాయించొచ్చు. మీ ప్రాజెక్టుకు ఆ మినహాయింపు ఇచ్చారా లేదా అని మొదటి వారంలోనే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, జవాబుకే 30 రోజులు పట్టొచ్చు. మినహాయింపు ఉన్నా సెక్షన్ 15 కింద భూమి విస్తీర్ణం, అనుకూలత, ప్రజాప్రయోజనం మీద అభ్యంతరం చెప్పే హక్కు మిగిలే ఉంటుంది.

ఇక రుజువులు. రికార్డులో ఖుష్కి అని ఉండి, బోరు వేసుకుని రెండు పంటలు తీస్తున్న పొలాలు కొల్లలు. ఆ ఒక్క మాట చూసి అధికారి మెట్ట భూమి అని రాసేస్తాడు. చట్టం అడిగేది నీరు, పంటలు. కాబట్టి మూడేళ్ల పహాణీ (ఆంధ్రలో అడంగల్), పంట నమోదు వివరాలు, బోరు కరెంటు సర్వీసు నంబరు, రెండు సీజన్ల ధాన్యం అమ్మకం రశీదులు జత చేయండి. పహాణీలో యాసంగి గడి ఖాళీగా ఉంటే సవరణకు తహసీల్దార్‌కు అర్జీ పెట్టి, దాని నకలు కూడా జోడించండి.

"మా భూమి ఇవ్వం" అని రాస్తే ఒక్క వాక్యంతో కొట్టేస్తారు. ఇలా రాయండి: "సర్వే నం. __లో 2 ఎకరాల 10 గుంటలు. బోరు కింద వానాకాలం వరి, యాసంగి మొక్కజొన్న. రుజువులు 1 నుంచి 6. పక్కనే సర్వే నం. __లో ప్రభుత్వ బంజరు ఉండగా దాన్ని ఎందుకు పరిశీలించలేదో సామాజిక ప్రభావ అంచనా నివేదికలో లేదు." ఆ బంజరు నంబరు రాసేముందు అది ఖాళీగా ఉందో, అసైన్‌మెంట్ పట్టాలిచ్చారో వెళ్లి చూసి రండి. తప్పు నంబరు ఇస్తే మిగతా వాదనా పలచనవుతుంది. ఊరంతా ఒకే జిరాక్స్ మీద సంతకాలు పెట్టడం కన్నా ఎవరి పొలం వివరాలతో వాళ్లు విడిగా ఇవ్వడం మేలు. బతుకుతెరువు ఆ భూమి మీదే ఉన్న కౌలుదారు కూడా వేయొచ్చు.

రెండు ప్రతులు కలెక్టరేట్‌లో ఇచ్చి, మీ ప్రతి మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. నోటి మాటగా "చూస్తాం" అంటే అది అందినట్టు కాదు. విచారణకు స్వయంగా వెళ్లొచ్చు, వకీలునూ పంపొచ్చు. ఆ పిలుపు వచ్చేలోపు ఎవరైనా ఒప్పంద పత్రం తెస్తే, అది భూసేకరణ చట్టం సెక్షన్ 30ఏ కింద స్వచ్ఛంద విక్రయమా అని అడగండి. దాని మీద సంతకం పడ్డాక అభ్యంతరానికి విలువుండదు. అభ్యంతరం వేశారని మాత్రం పరిహారం తగ్గదు, ఆ బెదిరింపును పట్టించుకోకండి.