లాయర్ మీద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు: ఎక్కడ వెనక్కి వస్తుంది?

ఫీజు తీసుకుని దావా వేయకుండానే వాయిదా పడిందని చెబుతూ వచ్చినా, మీకు తెలియకుండా ఎదుటి పక్షంతో రాజీ పడినా, కేసు ఫైలు ఇవ్వకుండా తొక్కిపెట్టినా ఆ లాయర్ మీద అడ్వకేట్స్ చట్టం, 1961లోని 35వ సెక్షన్ కింద లాయర్ల నమోదు, క్రమశిక్షణ చూసే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టి ఉంచుకునే హక్కు లాయర్‌కు లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. ఫిర్యాదుకు ఇంకో లాయర్ తప్పనిసరి కాదు. "లోపల మనవాళ్ళున్నారు, సనదు (లాయర్ లైసెన్సు) రద్దు చేయిస్తా" అనేవాళ్ళతో అసలు పనిలేదు.

కేసు ఓడిపోవడం మాత్రం దుష్ప్రవర్తన కాదు. ఎదుటి లాయర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో గట్టిగా నిలదీశాడన్నదీ నిలవదు.

కోర్టు ఏ ఊళ్ళో ఉందన్నది కాదు, లాయర్ పేరు ఏ రాష్ట్ర రోల్‌లో (లాయర్ల జాబితాలో) ఉందో ఆ కౌన్సిల్‌కే వెళ్ళాలి. వకాల్తా మీద ఎన్‌రోల్‌మెంట్ నంబర్ చూసి కౌన్సిల్ ఆఫీసులో అడగండి. ఫిర్యాదు ఫీజు ఎంతో, కాపీలు ఎన్నో కూడా అక్కడే కనుక్కుని, కట్టిన దానికి రశీదు తీసుకోండి. డబ్బు పంపిన ఆధారం, మెసేజ్‌లు, ఈ-కోర్ట్స్ సైట్‌లోని కేస్ స్టేటస్ ప్రింటు జత చేస్తే చాలావరకు సరిపోతుంది.

చిక్కంతా వెరిఫికేషన్ పేరా దగ్గర, అంటే రాసినవి నిజమని చివర్లో ధ్రువీకరించే పేరా దగ్గర. ఫిర్యాదు తెలుగులో రాయొచ్చు కానీ ఉత్తరంలా రాస్తే కుదరదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం సంతకం, వెరిఫికేషన్ ఉన్న పిటిషన్ కావాలి. టైపు చేసేవాళ్ళు పాత పిటిషన్‌లోంచి "పై విషయాలన్నీ నిజం" అన్న ముక్క తెచ్చి అతికించేస్తారు. అది చాలదు. ఏ పేరా మీకు స్వయంగా తెలుసో, ఏది విని నమ్ముతున్నారో నంబర్లతో విడదీయాలి: "1 నుంచి 5 పేరాలు నాకు స్వయంగా తెలిసినవి, 6, 7 పేరాలు నాకు అందిన సమాచారాన్ని బట్టి నిజమని నమ్ముతున్నవి." కింద తేదీ, ఊరు, సంతకం. మీ చేత్తో ఇచ్చిన డబ్బు మొదటి రకం. ఎదుటివాళ్ళ దగ్గరా తీసుకున్నాడట అన్నది రెండో రకం. కోపంలో రెండోదాన్ని మొదటి దాంట్లో కలిపేస్తే, విచారణలో "మీరు చూశారా?" అన్న ఒక్క ప్రశ్నకు మిగతా పేరాల మీద కూడా నమ్మకం పోతుంది. లోపాలు సరిచేయమని కాగితం వచ్చిందా? టెన్షన్ పడకండి. అది తిరస్కరణ కాదు, సరిచేసి మళ్ళీ ఇవ్వండి.

కౌన్సిల్ ఆ లాయర్‌ను వివరణ అడగొచ్చు. ఆరోపణలో పస ఉందనిపిస్తే ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. మందలింపు, కొంతకాలం సస్పెన్షన్, రోల్ నుంచి పేరు తొలగింపు దాని చేతిలోని శిక్షలు. ఫిర్యాదు అందిన ఏడాదిలోపు తేలకపోతే అది భారత బార్ కౌన్సిల్‌కు బదిలీ అవుతుంది. మీరిచ్చిన డబ్బు రాబట్టడానికి మాత్రం ఇది దారి కాదు, దానికి సివిల్ కోర్టుకే వెళ్ళాలి. లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.

లాయర్‌కు నోటీసు వెళ్ళాక రాజీ కబుర్లు మొదలవుతాయి. ఫైలు ఇస్తానంటే తీసుకోండి, ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. ఫిర్యాదుదారు వెనక్కి తీసుకున్నంత మాత్రాన ఫిర్యాదును మూసేయకూడదని బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. కమిటీ ఉత్తర్వు నచ్చకపోతే, అది అందిన 60 రోజుల్లో భారత బార్ కౌన్సిల్‌కు అప్పీలు చేసుకోవచ్చు.